అంతరించిపోతున్న జాతికి ముందు ఏది కావాలి: సంతానోత్పత్తి కేంద్రమా, ఆవాసమా?

ప్రశ్న: పచ్చికబయలు

నమస్కారం. ప్రకృతి సంరక్షణ గురించి చదివి చర్చించుకునే చిన్న బృందం మాది. మా చందాల సొమ్ములో కొంత ఏదైనా ఒక అంతరించిపోతున్న జాతి సంరక్షణకు పంపాలని ఈ మధ్య నిర్ణయించుకున్నాం. సొమ్ము చిన్నదే గాని, దాని మీద మొదలైన వాదన ఇప్పట్లో తెగేలా లేదు.

సగంమంది సంతానోత్పత్తి కేంద్రాలకే ఇవ్వాలంటున్నారు. వారు చూపే ఉదాహరణలను కాదనలేం. మారిషస్ కెస్ట్రెల్ అనే చిన్న డేగ 1974 నాటికి నాలుగంటే నాలుగే పక్షులకు పడిపోయి, గూళ్ల నుంచి తీసిన గుడ్లను పొదిగించి పిల్లలను పెంచి వదలడం వల్ల మళ్లీ వందల్లోకి వచ్చింది. అరేబియా ఓరిక్స్ అనే పొడవాటి కొమ్ముల జింక 1972లో అడవుల్లో పూర్తిగా కనుమరుగైనా, జంతుప్రదర్శనశాలల్లో పెరిగిన మందల వల్ల 1982లో తిరిగి ఒమన్ ఎడారిలో అడుగుపెట్టింది.

మిగిలినవారి మాట వేరు. తిరిగి వెళ్లడానికి చోటే లేనప్పుడు జంతువును బోనులో పెంచి ఏం లాభమనీ, అదే సొమ్ముతో ఒక అడవినో చిత్తడినేలనో నిలబెడితే పేరైనా పెట్టని పురుగులూ మొక్కలూ కూడా దానితోపాటు బతుకుతాయనీ వారు వాదిస్తున్నారు. 2030 నాటికి భూభాగంలోనూ సముద్రంలోనూ 30 శాతం చొప్పున సంరక్షించాలని 2022 డిసెంబరులో మాంట్రియల్‌లో ప్రపంచ దేశాలు ఒప్పుకున్నది కూడా ఈ ఆలోచనతోనే అని గుర్తుచేస్తున్నారు.

నా సందేహాలు ఇవి. ఈ రంగంలో పనిచేసేవారు ఈ రెండింటిలో ఏది ముందన్నది దేన్నిబట్టి తేలుస్తారు? ఒక జాతి గండం గట్టెక్కిందని చెప్పడానికి ఎన్ని ప్రాణులు ఉండాలి? డబ్బు అన్నింటికీ సరిపోనప్పుడు కొన్ని జాతులను వదిలేయక తప్పదని కొందరు అంటారు. అది నిజంగా జరుగుతున్నదేనా, జరిగితే ఎలా ఎంచుతారు?

జవాబు 1: ఎండుగడ్డి

పచ్చికబయలు గారూ, మీ బృందంలో రెండు పక్షాలవారూ ఒక మెట్టు దాటేసి వాదించుకుంటున్నారని నాకనిపిస్తోంది. కేంద్రమా, ఆవాసమా అని తేల్చడానికి ముందు ఆ జాతి సంఖ్య ఎందుకు తగ్గుతోందో తెలియాలి. ఇది అందరికీ తెలిసిన మాటలాగే వినిపిస్తుంది. కానీ సంరక్షణ చరిత్రలో పెద్ద పెద్ద వైఫల్యాల్లో చాలా ఈ ఒక్క ప్రశ్నకు జవాబు ముందే తెలుసుననుకోవడం వల్ల వచ్చినవే.

మొదట ఆవాసం పక్షంవారి కోసం ఒక ఉదాహరణ చెబుతాను. బ్రిటన్‌లో లార్జ్ బ్లూ అనే నీలి సీతాకోకచిలుక ఉండేది. దాని సంఖ్య పడిపోతున్నకొద్దీ అందరూ సీతాకోకచిలుకలను సేకరించేవారిని నిందించారు. అది బతికే చోట్లను రక్షిత ప్రాంతాలుగా చేసి, కొన్నిచోట్ల కంచె వేసి మనుషులనూ పశువులనూ లోపలికి రానివ్వలేదు. అయినా అది తగ్గుతూనే పోయి 1979లో ఆ దేశంలో పూర్తిగా అంతరించింది. జెరెమీ థామస్ అనే శాస్త్రవేత్త చివరి కాలనీల దగ్గర ఏళ్ల తరబడి కూర్చుని చూశాక గాని అసలు సంగతి బయటపడలేదు. ఈ సీతాకోకచిలుక గొంగళిపురుగు కొద్ది రోజులు అడవి వాము జాతి పూలను తిని, ఆ తరువాత నేల మీదకు రాలిపోతుంది. మిర్మికా జాతి ఎర్రచీమలు దాన్ని తమ పిల్లపురుగే అనుకుని పుట్టలోకి మోసుకుపోతాయి. అది అక్కడే నెలల తరబడి ఉండి చీమల పిల్లలను తిని పెరుగుతుంది. అయితే మిర్మికా సబులేటి అనే ఒక్క చీమ పుట్టలోనే అది బాగా బతుకుతుంది. దానికి దగ్గరి చుట్టాలైన మిగతా చీమల పుట్టల్లో చాలావరకు చచ్చిపోతుంది. ఆ చీమకు ఎండ తగిలి వెచ్చబడే నేల కావాలి. పశువులు మేయడం ఆగిపోయి, 1950లలో కుందేళ్లకు మిక్సోమటోసిస్ అనే జబ్బు సోకి అవి కూడా తగ్గిపోయేసరికి గడ్డి కొన్ని సెంటీమీటర్లు పెరిగింది. నేల రెండు మూడు డిగ్రీలు చల్లబడింది. ఆ చీమ వెళ్లిపోయి ఆ స్థలంలోకి మరో చీమ వచ్చింది. చూసేవారికి మాత్రం అదే కొండవాలు, అవే పూలు, ముందుకంటే పచ్చగా కనిపించేవి. కాపాడాలని వేసిన కంచే సీతాకోకచిలుకను చంపిందన్నమాట. ఆ తరువాత మేతను మళ్లీ మొదలుపెట్టి, చీమలు తిరిగి వచ్చాయని నిర్ధారించుకుని, 1980లలో స్వీడన్ నుంచి తెచ్చిన సంతతిని వదిలితే అది నిలదొక్కుకుంది.

ఇక సంతానోత్పత్తి కేంద్రం పక్షంవారికి రాబందుల కథ చెప్పాలి. భారత ఉపఖండంలో తెల్లవీపు రాబందులు 1992 నుంచి 2007 లోపు 99.9 శాతం తగ్గిపోయాయి. ఆవాసం ఏమీ మారలేదు, తిండికి కొరత లేదు, వేటాడినవారూ లేరు. మొదట ఏదో అంటురోగమనుకున్నారు. పాకిస్తాన్‌లో చనిపోయిన పక్షులను కోసి చూస్తే చాలావాటిలో మూత్రపిండాలు పాడైపోయి, లోపలి అవయవాల మీద తెల్లటి యూరిక్ ఆమ్లపు పూత కనిపించింది. వైరస్ కోసం, పురుగుమందుల కోసం, భార లోహాల కోసం వెతికినా ఫలితం లేకపోయింది. అప్పుడు పరిశోధకులు పశువైద్యులనూ మందుల దుకాణాలవారినీ కలిసి, మూత్రపిండాలను దెబ్బతీయగల మందుల్లో పశువులకు వాడుతున్నవేమిటని ఆరా తీశారు. అలా డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు దొరికింది. ఆ మందు ఇచ్చిన పశువు మాంసాన్ని పక్షులకు పెట్టి నిర్ధారించుకుని 2004లో ఫలితం ప్రకటించారు. కళేబరాల్లో నూటికి ఒకటి కంటే తక్కువ వాటిలో ఆ మందు ఉన్నా అంత పతనానికి చాలునని తరువాతి లెక్కల్లో తేలింది. రాబందులు గుంపుగా ఒకే కళేబరం మీద వాలతాయి, పైగా ఏడాదికి ఒకే గుడ్డు పెడతాయి కాబట్టి ఆ దెబ్బ నుంచి కోలుకోవడం వాటి చేతిలో లేదు. 2006లో భారత్, నేపాల్, పాకిస్తాన్ పశువులకు ఆ మందు వాడకాన్ని నిషేధించాయి. దాని బదులు వాడదగిన, రాబందులకు హాని చేయని మెలోక్సికామ్ అనే మందు అప్పటికే పరీక్షించి సిద్ధంగా ఉండటం వల్లే ఆ నిషేధానికి బలం వచ్చిందని నా అభిప్రాయం.

హర్యానాలోని పింజోర్ వంటి కేంద్రాల్లో రాబందులను పెంచడం అవసరమే, నేను దాన్ని తక్కువ చేయడం లేదు. కానీ మందు సంగతి తేలకముందే ఆ పిల్లలను వదిలి ఉంటే ఏమయ్యేది? చిల్లు కుండలో నీళ్లు పోసినట్టే అయ్యేది. నిషేధం తరువాత కూడా మనుషుల కోసం తయారైన పెద్ద సీసాల డైక్లోఫెనాక్ పశువులకు చేరుతూ ఉండటంతో 2015లో ఒక్క మోతాదు సీసాలు మాత్రమే అమ్మాలని నిబంధన తెచ్చారు. కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ అనే మరో రెండు మందులను 2023లో పశువైద్యం నుంచి తప్పించారు. కేంద్రంలో పక్షులను పెంచడానికి తెలిసిన పద్ధతులు ఉన్నాయి. బయట ఒక మందు సీసాను ఆపడానికి ఏళ్లు పట్టింది.

కారణం కనిపెట్టడానికి అడ్డదారి లేదు. ఆ జాతి ఇంకా ఉన్న చోట్లకూ పోయిన చోట్లకూ తేడా చూడాలి, అనుమానితాలన్నింటినీ రాసుకోవాలి, ఒక్కోదాన్ని ఒకచోట తొలగించి మరోచోట అలాగే ఉంచి ఫలితం పోల్చాలి. అందరికీ ముందుగా తోచే కారణాన్ని చివరన పరీక్షిద్దామనుకునేవారు చాలామంది. దాన్నే ముందు పరీక్షించాలి, ఎందుకంటే డబ్బంతా అటువైపే వెళుతూ ఉంటుంది.

జవాబు 2: జన్యులేఖ

ఎండుగడ్డి గారు చెప్పినదానితో ఏకీభవిస్తూ, ఎన్ని ప్రాణులు ఉండాలన్న మీ రెండో ప్రశ్నకే నేను పరిమితమవుతాను.

అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) ముప్పులో ఉన్న జాతులకు వేసే రెడ్ లిస్ట్ అనే జాబితా లెక్కలో, మిగతా ప్రమాణాలేవీ చూడకపోయినా, సంతానం కనగల వయసులో ఉన్న ప్రాణులు 50 కంటే తక్కువైతే ఆ జాతి అత్యంత ప్రమాదకర స్థితిలో ఉన్నట్టు, 250 కంటే తక్కువైతే ప్రమాదంలో ఉన్నట్టు. జన్యుశాస్త్రంవారు 1980 నుంచి వాడుతున్న మరో కొండగుర్తు 50, 500 అనేది: దగ్గరి రక్తసంబంధీకుల మధ్య సంతానం వల్ల వచ్చే కీడును కొద్దికాలం తట్టుకోవడానికి 50, మారే పరిస్థితులకు తగ్గట్టు మారగల శక్తి దీర్ఘకాలం నిలవడానికి 500. ఈ అంకెలు చాలవని ఇప్పుడు వాదించేవారు ఉన్నారు. అయితే అంతకంటే ముఖ్యమైన మెలిక మరొకటుంది. ఇక్కడ లెక్కించేది తలలను కాదు, తరువాతి తరానికి నిజంగా జన్యువులు అందించేవాటిని. నూరు జంతువుల మందలో పది మగవి, తొంభై ఆడవి ఉన్నాయనుకోండి. పదినీ తొంభైనీ గుణించి, దాన్ని నాలుగు రెట్లు చేసి, నూరుతో భాగిస్తే 36 వస్తుంది. అంటే జన్యువుల దృష్టిలో అది 36 జంతువుల మంద. తరానికి సుమారు 1.4 శాతం చొప్పున వైవిధ్యాన్ని పోగొట్టుకుంటూ ఉంటుంది. ఒకే మగది చాలా ఆడవాటితో జతకట్టే జాతుల్లో ఈ అంకె ఇంకా దిగిపోతుంది. సంతానోత్పత్తి కేంద్రాలు ప్రతి జంతువుకూ వంశవృక్షం రాసుకుని, దేనికి దేనితో జత కుదర్చాలో లెక్క వేసేది ఇందుకే. బాగా పిల్లలు కనే జంటను అదేపనిగా కననిస్తే సంఖ్య పెరుగుతుంది గాని సంతతి చిక్కిపోతుంది.

అమెరికాలో ఫ్లోరిడా పాంథర్ అని పిలిచే ప్యూమా (పెద్ద పిల్లి జాతి) విషయంలో ఇది కళ్లకు కట్టింది. 1990ల మొదట్లో ఆ ప్యూమాలు ఇరవై ముప్ఫై మాత్రమే మిగిలాయి. వాటి తోకలు చివర వంకర తిరిగి ఉండేవి, కొన్నింటికి గుండెలో లోపాలు, చాలా మగవాటికి వృషణాలు కిందికి దిగేవి కావు. 1995లో టెక్సాస్ నుంచి ఎనిమిది ఆడ ప్యూమాలను తెచ్చి వదిలారు. స్థానిక సంతతి ప్రత్యేకత పోతుందని అప్పట్లో గట్టి అభ్యంతరాలే వచ్చాయి. కానీ పుట్టిన పిల్లల్లో ఆ లోపాలు తగ్గాయి, పదేళ్ల కాలంలో సంఖ్య దాదాపు మూడింతలైంది. పని అయ్యాక మిగిలి ఉన్న టెక్సాస్ ఆడవాటిని తీసేశారు కూడా. స్వచ్ఛత పేరుతో ఆలస్యం చేయడం కంటే ఇది మేలని నేను నమ్ముతాను.

కేవలం తలల లెక్క ఎలా మోసం చేస్తుందో చెప్పడానికి సైగా అనే జింక ఒక్కటి చాలు. 2015లో కజకిస్తాన్‌లో మూడు వారాల్లో రెండు లక్షలకు పైగా సైగాలు చచ్చిపోయాయి. మామూలుగా వాటి శరీరంలో ఉంటూ హాని చేయని ఒక బ్యాక్టీరియా ఆ ఏటి వేడికీ తేమకూ విజృంభించింది. ప్రపంచంలో ఉన్నవాటిలో సగానికి పైగా పోయాయి. అయినా ఆడవి తరచుగా కవలలను కంటాయి కాబట్టి, వేట మీద నిఘా నిలిచింది కాబట్టి అవి పుంజుకున్నాయి. 2023లో రెడ్ లిస్ట్‌లో వాటి స్థానాన్ని తీవ్ర ప్రమాదం నుంచి చాలా మెట్లు తగ్గించారు. ఇదే దెబ్బ ఏడాదికి ఒక గుడ్డు పెట్టే పక్షికి తగిలితే ఏమవుతుందో పైన చదివారు. కనుక ఎన్ని ఉన్నాయన్నదానితోపాటు ఎంత వేగంగా పెరగగలవు, ఎన్ని వేర్వేరు చోట్ల ఉన్నాయి అని అడగండి.

సంతతిని పెంచే పనిలో ఊహించని చిక్కులు వస్తాయనడానికి ఇంకొక్క మాట. న్యూజిలాండ్‌లోని కాకాపో అనే ఎగరలేని చిలుక 1995లో 51 మాత్రమే ఉండేది. వాటికి అదనపు ఆహారం పెడితే ఆడపక్షులు బలిసి, ఎక్కువగా మగపిల్లలనే కన్నాయి. కావలసింది ఆడపిల్లలు. అప్పటి నుంచి జతకట్టే ముందు ఆహారాన్ని తూచి పెట్టి, ఆ తరువాత పెంచడం మొదలుపెట్టారు. ఇప్పుడవి రెండు వందలు దాటాయి. గింజలు పెట్టడంలో కూడా ఇంత ఉంటుంది.

జవాబు 3: నీటితుంపర

పై ఇద్దరూ చెప్పినది శాస్త్రపరంగా సరైనదే. కానీ కారణం తేలేవరకు ఆగండి అనే సలహాను యథాతథంగా తీసుకుంటే కొన్ని జాతులు ఆ పరిశోధన పూర్తికాకముందే పోతాయి. నేను కొంత విభేదిస్తున్నాను.

నల్లకాళ్ల ఫెరెట్ అనే ముంగిసలాంటి చిన్న జంతువు అంతరించిందనే అందరూ అనుకున్నాక, 1981లో అమెరికాలోని వ్యోమింగ్‌లో ఒక పెంపుడు కుక్క చంపి ఇంటికి తెచ్చిన జంతువు వల్ల ఒక చిన్న సంతతి బయటపడింది. నాలుగేళ్లలోనే డిస్టెంపర్ జబ్బు దాన్ని దాదాపు తుడిచిపెట్టింది. 1987 నాటికి మిగిలిన 18ని పట్టుకోకపోయి ఉంటే ఈ రోజు చర్చించడానికి ఫెరెట్ ఉండేది కాదు. కాలిఫోర్నియా కాండర్ అనే రాబందులాంటి పెద్ద పక్షిదీ అదే సంగతి: 1987లో అడవిలో మిగిలిన చివరి పక్షిని కూడా పట్టేశాక ప్రపంచం మొత్తం మీద ఉన్నవి 27. కళేబరాలతోపాటు కడుపులోకి చేరే తూటాల్లోని సీసమే వాటిని ఎక్కువగా చంపుతోందని పూర్తిగా రుజువయ్యేసరికి కేంద్రాల్లో పుట్టిన పక్షులను వదలడం మొదలై చాలా కాలమైంది. ఆ రాష్ట్రంలో వేటకు సీసపు తూటాల వాడకం పూర్తిగా నిషిద్ధమైంది 2019లో. ఈలోగా జాతి బతికి ఉన్నది కేంద్రాల వల్లే. నేటికీ ఆ పక్షులను పట్టి, రక్తంలో సీసం కొలిచి, ఎక్కువైతే చికిత్స చేసి వదులుతున్నారన్నది నిజమే. అది వైఫల్యమని నేను అనను. గడువు సంపాదించడమూ ఒక పనే.

అయితే ఆ గడువు కూడా ముందుగా అడగాలి. మెక్సికోలోని కాలిఫోర్నియా సింధుశాఖలో వాకీటా అనే చిన్న సముద్ర క్షీరదం ఉంది. టొటోవాబా అనే చేప కోసం పన్నే గిల్ వలల్లో చిక్కి అవి చస్తున్నాయని అందరికీ తెలుసు. ఇక్కడ కారణం గురించి అనుమానమే లేదు. 1997లో సుమారు 570 ఉన్నవి 2016కి 30 దగ్గరికి వచ్చాయి. 2017లో గాని వాటిని పట్టి కాపాడే ప్రయత్నం జరగలేదు. రెండింటిని పట్టారు, ఒకటి తట్టుకోలేకపోవడంతో వదిలేశారు, పెద్ద ఆడది కొన్ని గంటల్లో చనిపోయింది, ప్రయత్నం అక్కడితో ఆగింది. వందల్లో ఉన్నప్పుడు ఒకటి పోయినా పద్ధతి నేర్చుకునే వీలుండేది. ముప్ఫైలో ఆ వీలు లేదు.

ఇక ఆవాసం, కేంద్రం అన్న గీత ఎంత పలుచనిదో చూడాలంటే టాంజానియాలోని కిహాన్సీ జలపాతం దగ్గరికి వెళ్లాలి. అక్కడి నీటి తుంపరలో తడిసే కొద్దిపాటి నేలలో మాత్రమే బతికే, పిల్లలను నేరుగా ఈనే ఒక చిన్న కప్పను 1996లో కనుగొన్నారు. 2000లో పైన కట్టిన ఆనకట్ట వల్ల జలపాతంలో దాదాపు 90 శాతం నీరు పోయింది. కొన్ని వందల కప్పలను అమెరికా జంతుప్రదర్శనశాలలకు తరలించారు. కొండవాలు మీద గొట్టాలు వేసి తుంపరను కృత్రిమంగా చిమ్మించారు. అంతలో కైట్రిడ్ అనే శిలీంధ్రం వచ్చిపడి 2003లో అక్కడి కప్పలు కుప్పకూలాయి. 2009లో అడవిలో అంతరించినట్టు ప్రకటించి, 2012 నుంచి మళ్లీ వదులుతున్నారు. గొట్టాలతో తడుపుతున్న ఆ వాలును ఆవాసమంటారా, కేంద్రమంటారా? నా మటుకు నాకు ఆ పేరుతో పనిలేదు, ఆ గొట్టాలు పాడైతే బాగుచేసేవారు ఉన్నారా అన్నదే ముఖ్యం.

పచ్చికబయలు:

ముగ్గురికీ ధన్యవాదాలు. మీ జవాబులు బృందానికి చదివి వినిపించాను; గొడవ తగ్గలేదు గాని ప్రశ్నలు మారాయి. వదిలేయవలసిన జాతుల గురించి ఇంకా ఎవరూ చెప్పలేదు. బయటి నుంచి వచ్చిపడిన జాతులను తొలగించడం, చుట్టుపక్కల ఉండే మనుషుల సంగతి కూడా తెలుసుకోవాలని ఉంది. అలాంటి పనులకు డబ్బివ్వడానికి మాలో కొందరు జంకుతున్నారు.

జవాబు 4: దూరపుదీవి

పచ్చికబయలు గారూ, వదిలేయడమన్నది జరుగుతూనే ఉంది. చాలాచోట్ల అది ఎవరూ చెప్పకుండా జరుగుతుంది: అందంగా, పెద్దగా, బొచ్చుతో ఉన్న జంతువుకు డబ్బు వస్తుంది, నత్తకూ నాచుకూ రాదు. న్యూజిలాండ్ సంరక్షణ శాఖవారు దీన్ని బాహాటంగా లెక్కలోకి తెచ్చారు. ఒక్కో జాతికి చేయవలసిన పనులన్నీ రాసి, ఖర్చెంత, విజయం అందే అవకాశమెంత, ఆ పని వల్ల ఆ జాతి మనుగడకు కలిగే తేడా ఎంత, అది పోతే దాని వంశంలో ఇంకేవైనా మిగులుతాయా అని చూసి వరుస కట్టారు. అలా చేస్తే అదే డబ్బుతో ముందుకంటే ఎక్కువ జాతులను నిలబెట్టవచ్చని తేలింది. జాబితా అడుగున పడినవాటి గురించి బాధపడేవారి మాట నాకు అర్థమవుతుంది. కానీ జాబితా లేనప్పుడు కూడా ఏవో కొన్ని అడుగున పడే ఉన్నాయి, వాటి పేర్లు ఎవరికీ తెలియలేదంతే.

బయటి జాతుల తొలగింపు గురించి మీవారు జంకడంలో అర్థముంది. ఆస్ట్రేలియాకు దక్షిణాన ఉన్న మక్వారీ దీవిలో సముద్రపక్షులను తింటున్న పిల్లులను 2000 నాటికి పూర్తిగా తొలగించారు. పిల్లులు పోయాక కుందేళ్లు లక్షకు పైగా పెరిగాయి. వాటిని అదుపు చేస్తూ వచ్చిన మిక్సోమా వైరస్ పట్టు సడలడం కూడా దానికి తోడైందని కొందరంటారు. కొండవాలుల మీది గడ్డి దుబ్బులు మొదలంటా కొరుక్కుపోయి, 2006లో ఒక కొండచరియ విరిగి పెంగ్విన్లు ఉండే చోట పడింది. చివరికి సుమారు రెండున్నర కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల పథకంతో కుందేళ్లను, ఎలుకలను, చుంచులను కలిపి ఒకేసారి తొలగించే పని చేపట్టారు. హెలికాప్టర్ల నుంచి విషపు ఎర చల్లి, మిగిలిన కుందేళ్లను పసిగట్టడానికి తర్ఫీదు పొందిన కుక్కలతో దీవంతా గాలించి, 2014లో పని పూర్తయినట్టు ప్రకటించారు. దుబ్బులు మళ్లీ మొలిచాయి, పక్షులు తిరిగొచ్చాయి. దీవుల్లో ఇంత ఫలితం ఇచ్చే పని మరొకటి లేదనే నా నమ్మకం, ఎందుకంటే అది ఒకసారి పూర్తయితే మళ్లీ రాకుండా రేవుల దగ్గర కాపలా కాస్తే చాలు. సగంలో ఆపితే మాత్రం పెట్టిన ఖర్చంతా వృథా. అందువల్ల డబ్బిచ్చే ముందు చివరిదాకా సరిపడా నిధులు చేతిలో ఉన్నాయా అని అడగండి.

మనుషుల సంగతికి మీరు ప్రస్తావించిన ఓరిక్స్ కథే సరిపోతుంది, దాని రెండో సగం మీవారు చెప్పలేదు. ఒమన్‌లో వదిలిన మంద స్థానిక హరాసిస్ తెగవారినే కాపలాదారులుగా పెట్టుకుని 1996 నాటికి 450 దాకా పెరిగింది. ఆ ఏడే బతికున్న ఓరిక్స్‌లను దొంగతనంగా పట్టి అమ్మడం మొదలైంది, కొన్నేళ్లలో అవి 65కి పడిపోయాయి. ప్రభుత్వం అభయారణ్యం విస్తీర్ణాన్ని 90 శాతం తగ్గించడంతో 2007లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితా నుంచి తొలగించింది; ఆ జాబితా నుంచి ఒక స్థలాన్ని తీసేయడం అదే మొదటిసారి. ఇతర దేశాల్లో కూడా వదిలిన మందలు ఉండటం వల్లే 2011లో ఆ జాతి హోదా మెరుగైంది. కొనేవాడు ఎక్కడో డబ్బుతో కాచుకుని ఉన్నప్పుడు, చుట్టుపక్కలవారికి జంతువు బతికి ఉండటం వల్ల కూడా కొంత ఆదాయం, అంతకంటే ముఖ్యంగా కొంత అధికారం ఉండాలి. నమీబియా 1996లో చట్టం చేసి, ఉమ్మడి భూముల్లోని సముదాయాలు సంఘంగా ఏర్పడితే వన్యప్రాణుల నిర్వహణ హక్కునూ, పర్యాటకం వంటివాటి ఆదాయాన్నీ వారికే ఇచ్చింది. ప్రతి సంఘమూ బాగా నడుస్తోందని కాదు. కరువు వచ్చి సింహాలు పశువుల మీద పడ్డప్పుడు ఆ ఏర్పాటు ఎంత బిగువుగా ఉందో తెలుస్తుంది. అయినా పైనుంచి కంచె దించే పద్ధతి కంటే అది నయం.

జవాబు 5: ఎండుగడ్డి

నీటితుంపర గారి అభ్యంతరం న్యాయమైనదే. ప్రాణాలు నిలబెట్టడమూ కారణం వెతకడమూ ఒకేసారి సాగాలి. నేను వ్యతిరేకించేది రెండోదాన్ని మరచిపోవడాన్నే.

మీ బృందం చేయదగిన పని ఒకటి చెబుతాను. మీరు అనుకుంటున్న పథకాలకు సొమ్ము పంపే ముందు ఒక ఉత్తరం రాయండి. ఈ జాతి తగ్గడానికి కారణమేమిటని మీరు భావిస్తున్నారు, దానికి ఆధారమేమిటి, ఆ కారణాన్ని తొలగించే పని ఎవరు చేస్తున్నారు, వదిలిన ప్రాణుల్లో ఏడాది తరువాత ఎన్ని బతికున్నాయి, ఎన్ని పిల్లలను కన్నాయి అని అడగండి. కేంద్రంలో ఎన్ని పుట్టాయన్న అంకె ప్రతి కరపత్రంలోనూ ఉంటుంది, అది మీకు అక్కరలేదు. వదిలిన తరువాతి లెక్క ఉంచుకునేవారు తక్కువ, ఎందుకంటే రేడియో పట్టీలు, ఏళ్ల తరబడి తిరిగే మనుషులు ఖర్చుతో కూడినవి, ఫొటోలకు పనికొచ్చేవీ కావు. పెద్ద దాతలు సాధారణంగా దానికి ఇవ్వరు. మీ సొమ్ము చిన్నదన్నారు కాబట్టి, పథకం కేంద్రానిదైనా ఆవాసానిదైనా, ఆ లెక్కింపు పద్దు కిందే ఖర్చు చేయాలని షరతు పెట్టి పంపండి.